ముందే తెలిసిన కథ

సినిమా బాగాలేదని చెప్పడానికి మనవాళ్ళు ఒక మాట వాడుతుంటారు. "కథ ముందే తెలిసిపోయింది" అని. ఆ మాట మీద నాకు మొదటినుంచీ అనుమానమే. కథ ముందే తెలియడం నిజంగా తప్పేనా? తెలిసిన కథను చూడని జాతి అయితే మన ముళబాగిలు, శ్రీనివాసపురం పక్క పల్లెల్లో కురుక్షేత్రం నాటకం ఒక్క రాత్రి కూడా ఆడి ఉండేది కాదు. దుర్యోధనుడు తొడలు విరిగి పడతాడని చంకలో పిల్లకు కూడా తెలుసు. అయినా దుప్పట్లు కప్పుకొని తెల్లవారిందాకా కూర్చుంటారు. పద్యం కుదిరితే "వన్స్ మోర్" అని అరిచి, చచ్చి పడిపోయినవాణ్ణి లేపి మళ్ళీ పాడిస్తారు. ఆ మనిషి లేచి, దుమ్ము దులుపుకొని, రాగం తీసి, మళ్ళీ చస్తాడు. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మరి అదే జనం ప్రేమ సినిమా చూసి వచ్చి "అంతా తెలిసిందే" అని పెదవి విరిచినప్పుడు, వాళ్ళకు నిజంగా కోపం వచ్చింది దేనిమీద? నేను చాలా రోజులుగా ఆలోచిస్తున్న సంగతి ఇది. దీన్ని గాలిలో మాట్లాడడం నాకు చేతకాదు గనుక ఒక సినిమాను పట్టుకుని మాట్లాడతాను.

ఆ సినిమా 'రాజా'. 1999లో వచ్చింది. వెంకటేష్, సౌందర్య నటించారు. ముప్పలనేని శివ దర్శకుడు. బాగా ఆడింది, పాటలు ఊరూరా మోగాయి. అది చెడ్డ సినిమా అని నేను అనడం లేదు. నాకు ఆశాభంగం కలిగించిన సినిమా అంటున్నాను. ఈ రెండూ ఒకటి కావు.

సౌందర్య అంటే నాకు ఇష్టం. ఆ ఇష్టంలో సగం నటనకు, సగం ఊరికి. ఆమెది మన కోలారు జిల్లా, ముళబాగిలు. డి.వి.జి. పుట్టిన ఊరే. 1992లో కన్నడంలో మొదలుపెట్టి, ఆ వెంటనే తెలుగుకు వచ్చి, 1995లో 'అమ్మోరు'తో ఇంటింటి మనిషి అయిపోయింది. మా కోలారు బంగారు గనుల్లో తెలుగువాళ్ళకు ఆమె పోస్టరు చూస్తే ఒక ధైర్యం. ఆంధ్రా వాళ్ళంతా చూసే తెర మీద మన జిల్లా మనిషి ఉంది గదా అని. ఆ తెర మీద చాలా చిత్రాల్లో వినబడే గొంతు ఆమెది కాదు, డబ్బింగు కళాకారిణులది. ముఖం మాది, మాట వేరేవాళ్ళది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంచెం చివుక్కుమన్న మాట నిజం. మా తెలుగును ఆంధ్రాలో ఎవరైనా వింటే "ఏ ఊరు మీది?" అని అడుగుతారు. సినిమా వాళ్ళకు ఆ ప్రశ్న కూడా రాకుండా పోయింది.

అది అట్లుండనీ. 'రాజా' విషయంలో మా ఊరివాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. అది 1998లో తమిళంలో వచ్చిన 'ఉన్నిడత్తిల్ ఎన్నై కొడుత్తేన్' అనే సినిమాకు రీమేకు. విక్రమన్ తీసినది. కార్తీక్, రోజా వేశారు. మా గనుల ఊళ్ళో తమిళులే ఎక్కువ. రాబర్ట్‌సన్‌పేటలో కొత్త తమిళ బొమ్మ పడితే తెలుగు ఇండ్లవాళ్ళూ పోతారు. కాబట్టి మేము ఆ కథను ముందే చూసేశాం. మళ్ళీ 2001లో రవిచంద్రన్ హీరోగా 'కనసుగార' అని కన్నడంలో వచ్చింది. అంటే మూడేళ్ళలో ఒకే ప్రేమ, మూడు భాషల్లో, ఒకే ఊరి జనానికి. రెండిటికి సంగీతం కూడా ఎస్.ఎ. రాజ్‌కుమారే. తిరుపతిలో ఉన్నవాడికి 'రాజా' కొత్త సినిమా. మాకు కాదు. రెండు మూడు భాషలు తెలిసినవాడికి దొరికే లాభాల గురించి అందరూ చెబుతారు. ఏ కథా కొత్తగా మిగలకపోవడం కూడా ఆ లాభాల పక్కనే వస్తుంది.

కథ ఇంతే. చిల్లర దొంగ ఒకడు. దిక్కులేని ఒక అమ్మాయికి తన ఇంట్లో చోటిస్తాడు. ఆమెమీద మనసు పడతాడు. ఆమె మనసులో వేరొకరున్నారని తెలిసి తన మాట మింగేస్తాడు. దొంగతనం మాని, ఆమెను పాటగత్తెను చేయడానికి కష్టపడతాడు. ఆమెకు పేరు వస్తుంది. చివరికి ఆమె ఇతనిదగ్గరికే వస్తుంది.

ఇందులో ముగింపు తెలియడం నాకు అడ్డు కాలేదు. హాల్లో కూర్చుని నేను ఎదురుచూసింది వేరే. ఈ కథ మధ్యలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. తనకు నీడ ఇచ్చి, అన్నం పెట్టి, పేరు తెప్పించిన మనిషి దగ్గరికి ఆమె తిరిగి వస్తున్నది ప్రేమతోనా, ఋణంతోనా? ఆ రెండిటినీ విడదీయడం ఎవరికైనా సులభమా? ఉపకారం చేసినవాణ్ణి 'వద్దు' అనే హక్కు ఉపకారం పొందినవాళ్ళకు ఉంటుందా? ఆ హక్కు లేనప్పుడు వాళ్ళు చెప్పే 'సరే'కు విలువెంత? మన ఇండ్లలో ఎన్ని పెళ్ళిళ్ళు ఈ ప్రశ్న అడగకుండా జరిగిపోయాయో లెక్క లేదు. మేనమామ చదివించాడని, పెదనాన్న ఇల్లు నిలబెట్టాడని, తల వంచిన అమ్మాయిలూ అబ్బాయిలూ నాకు తెలుసు. వాళ్ళలో కొందరు బాగానే బ్రతికారు. బాగా బ్రతకడం వేరు, ఆ రోజు వాళ్ళను అడిగి ఉండడం వేరు.

ఆ సినిమాలో సౌందర్యను కూడా ఎవరూ అడగలేదు. తమిళంలో అడగకపోతే నాకేమీ అనిపించలేదు. తెలుగులో ఈమె ఉంది గదా, ఈమె ముఖంలోనన్నా ఒక్క నిమిషం ఆ తడబాటు కనబడుతుందని ఆశపడ్డాను. అంతకు ముందు ఏడాదే కృష్ణవంశీ 'అంతఃపురం' చూసి ఉన్నాను. మొగుణ్ణి పోగొట్టుకుని, బిడ్డను చంకన వేసుకుని, మామ కోటలోంచి బయటపడాలని చూసే ఆడమనిషిగా ఆమె అందులో చేసింది చూసినవాళ్ళు మరచిపోరు. అంత చేయగలిగిన మనిషికి ఇక్కడ ఇచ్చిన పని ఏమిటి? కృతజ్ఞతగా నవ్వడం, కృతజ్ఞతగా ఏడవడం. ఆ రెండూ ఆమె శుభ్రంగా చేసింది. ఆశ పెట్టుకున్నది ఆమె మీద, కథ మీద కాదు. అందుకే దెబ్బ గట్టిగా తగిలింది. ఏమీ ఆశించని నటుడి సినిమా ఎంత చప్పగా ఉన్నా మనం నిద్రపోయి వస్తాం. ఇష్టమైన మనిషి ఉన్నప్పుడే నిద్ర పట్టదు.

తెలిసిన కథలో నాకు కనబడే తప్పు ఎక్కడుందో ఇప్పుడు చెప్పగలననుకుంటాను. ముగింపు ప్రేక్షకుడికి తెలిస్తే నష్టం లేదు. ఆ కథలో ఉన్న మనుషులకే ముగింపు తెలిసిపోయినట్టు నడుచుకుంటే నష్టం. వాళ్ళు అలుగుతారు, వానలో తడుస్తారు, రైలు స్టేషనుకు పరిగెత్తుతారు. అయినా వాళ్ళ కాళ్ళలో భయం ఉండదు. రైలు దొరుకుతుందని వాళ్ళకు తెలుసు.

ఇక్కడ ఒక చిక్కుంది. కర్ణుడికి కూడా ముగింపు తెలుసు గదా? కృష్ణుడు వచ్చి పుట్టుక గుట్టు విప్పాడు. కుంతి వచ్చి కొడుకుల ప్రాణాలు అడిగింది. ఏ పక్క గెలుస్తుందో, తానేమవుతాడో అతనికి అర్థమయ్యే ఉంది. అన్నీ తెలిసి కూడా అతను మన కళ్ళముందు కొత్తగానే ఉంటాడు. ఎందుకంటే అతను తెలిసి, మూల్యం కట్టి పోతున్నాడు. అంటే కథలో మనుషులకు తెలియడం కూడా అసలు తప్పు కాదన్నమాట. తెలిసినదానికి వాళ్ళు ఏమైనా చెల్లిస్తున్నారా లేదా అన్నది చూడాలి. కాలజ్ఞానం చెప్పిన కైవారం తాతయ్య ఊరు మాకు దూరం కాదు. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లాలోకి పోయిందిగానీ అంతవరకు మా జిల్లానే. రేపు జరిగేదంతా రాసిపెట్టి ఉందని నమ్మేవాళ్ళు మా పక్క ఎందరో. వాళ్ళు కూడా రాగి చల్లే రోజు మబ్బుకేసి చూస్తారు. ఎవరూ రాసిపెట్టి ఉంది గదా అని విత్తనాలు ఇంట్లో దాచుకుని కూర్చోరు. చల్లిన గింజ పోవచ్చు. ఆ పోవచ్చు అన్నది లేని ప్రేమను తెరమీద ఎంత అందంగా చూపించినా నాకు పట్టదు.

ఇదంతా మా నాయనకు చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఆయన మాటను నేను తేలిగ్గా తీసెయ్యలేకపోయాను, ఇప్పటికీ.

ఆయన చాంపియన్ రీఫ్ గనిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఆ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. ప్రపంచంలోనే చాలా లోతైన గనుల్లో ఒకటి. కేజిలో నిలబడి దిగుతూ పోతే గాలి వేడెక్కిపోతుంది. అడుగున రాయి ముట్టుకుంటే చెయ్యి లాగేసుకోవాలి. ఇవన్నీ అలవాటైపోతాయి. అలవాటు కానిది రాయి పేలడం. రాక్‌బరస్ట్ అని అందరం అదే పేరుతో అనేవాళ్ళం. పైన ఒత్తిడికి లోపలి బండ ఒక్కసారిగా పగులుతుంది. ఎప్పుడు పగులుతుందో దానికే తెలియదు. పైన ఇండ్లలో అలమారలో గిన్నెలు గలగలమని కదిలేవి. గిన్నెలు కదలగానే ఆడవాళ్ళు పొయ్యిమీది కుండ అట్లే వదిలేసి షాఫ్టు కేసి పరిగెత్తేవాళ్ళు. మా అమ్మ అట్లా పరిగెత్తడం నేను ఎన్నోసార్లు చూశాను.

అట్లాంటి మనిషి నా మాటంతా విని ఇట్లా అన్నాడు.

"నేను కిందికి దిగేటప్పుడు మళ్ళా పైకొస్తానో రానో నాకు తెలీదు. ఆ మూడు గంటలు సినిమాలోనన్నా ఏమైతుందో తెలిసుండనీ రా."

దీనికి ఏమని జవాబు చెప్పాలి? పైగా అది 1999. భారత్ గోల్డ్ మైన్స్ 90ల మొదట్లోనే ఖాయిలా పరిశ్రమ అయిపోయింది. మూస్తారంట, మూయరంట అనే మాటలతో మా లైన్లలో ప్రతి ఇంట్లో తెల్లవారేది. జీతం, పెన్షను, ఉన్న క్వార్టరు, ఏదీ ఖాయం కాదు. ఆ జనం హాల్లో కూర్చుని, హీరోయిన్ తిరిగి వస్తుందని ముందే తెలిసి, వచ్చినప్పుడు ఈలలు వేశారంటే వాళ్ళను నేనెట్లా తప్పుబట్టగలను? రిస్కు లేని ప్రేమ నాకు పట్టదని అనగలిగేది రోజూ రిస్కు లేనివాడేనేమో. నేను అప్పటికే పైన కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో ఉన్నాను.

అయినా పూర్తిగా ఒప్పుకోవడానికి మనసు రాదు. అలసిన మనిషికి విశ్రాంతి కావాలి, నిజమే. విశ్రాంతి ఇవ్వడం వేరు, అతని అలసటను చూసి 'వీడికింత చాలు' అనుకోవడం వేరు. హరికథ చెప్పే దాసు కూడా అలసినవాళ్ళకే చెప్పాడు. ఆయన సీతను అడవికి పంపకుండా దాటెయ్యలేదు. అయితే ఇదే మాట మా నాయనతో అంటే, 'అంతఃపురం' సగంలో లేచి వచ్చిన సంగతి గుర్తుచేశాడు. "చూడాల్సిన ఏడుపు మనింట్లోనే ఉండాది" అన్నాడు. అక్కడితో మా వాదన ఆగిపోయింది. ఎవరూ గెలవలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. లైన్లలో కుర్రవాళ్ళు మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోవడం మొదలుపెట్టారు. సినిమాల మాట చాన్నాళ్ళు మా ఇంట్లో రాలేదు.

ఈ వ్యాసం ఇప్పుడు రాయడానికి కారణం ఇంకొకటుంది. మాబోటి చోట్ల సినిమా బాగాలేదని చెప్పడం ఒట్టి సినిమా విషయం కాదు. మా ఊళ్ళో అధిక సంఖ్య తమిళం, అధికారం కన్నడం, మేము మూడోవాళ్ళం. తెలుగు బొమ్మ పడితే వారం. జనం రాకపోతే నాలుగోరోజే తీసి తమిళం వేసేస్తారు. ఆ తర్వాత తెలుగు సినిమా చూడాలంటే కుప్పమో వి.కోటో పోవాల్సిందే. కాబట్టి బాగున్నా బాగాలేకపోయినా పోయేవాళ్ళం, ఇంటిల్లిపాదినీ తీసుకుపోయేవాళ్ళం, బయటికి వచ్చి బాగుందనేవాళ్ళం. పక్కింటి తమిళ స్నేహితుడు "ఎట్లుంది?" అంటే మరీ బాగుందనేవాళ్ళం. 'రాజా' చూసి వచ్చిన రోజు నేనూ వాడితో ఆశాభంగం మాట ఎత్తలేదు. మీ తమిళంకన్నా మా సౌందర్య బాగా చేసిందన్నాను. అందులో అబద్ధం లేదు. నిజమంతా కూడా లేదు.

2022 మార్చిలో మా చెల్లెలి కొడుకు 'రాధేశ్యామ్' చూసి వచ్చాడు. వాడు ప్రభాస్ అభిమాని. మామూలు అభిమానం కాదు, సెల్‌ఫోను తెరిస్తే అతని ముఖమే. అరచేతి గీతలు చూసి జరగబోయేది చెప్పేవాడు హీరో. తన చేతిలో ప్రేమగీత లేదని నమ్మినవాడు. ఎప్పుడో 70ల ఇటలీలో కథ. రేపు చెప్పేవాడి గురించిన సినిమాలో, రేపు ఏమవుతుందో మొదటి అరగంటలోనే కుర్రవాళ్ళంతా చెప్పేశారంట.

"ఎట్లుందిరా?" అన్నాను.

"ఫోటోగ్రఫీ బాగుంది మామా."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కాస్సేపాగి వాడే అన్నాడు. "బాగలేదని నేనే అంటే వాళ్ళు ఊరుకుంటారా మామా?" వాళ్ళంటే వాడి తమిళ, కన్నడ స్నేహితులు. అభిమానికి ఇంతకన్నా పెద్ద బరువు ఉండదు. తన ఆశాభంగం తనది కాకుండా పోతుంది. మనసులో ఉన్నది బయటపెడితే భాషనే పరాయివాళ్ళ చేతికి ఇచ్చినట్టు. నెల దాటిన కొద్దిరోజులకే 'కె.జి.ఎఫ్.' రెండో భాగం వచ్చింది. మా ఊరి పేరే పెట్టుకున్న కన్నడ సినిమా. వాడి స్నేహితుల ఊపు మీరే ఊహించుకోండి. వాడు దానికీ పోయాడు. ఈలలు వేశాడు కూడా. ఊరి పేరు గదా.

'రాజా'లో ఆ అమ్మాయిని ఎవరూ అడగని ప్రశ్న మమ్మల్ని కూడా ఎవరూ అడగలేదేమోనని నాకు అప్పుడు తోచింది. తెలుగు సినిమాను మేము ప్రేమిస్తున్నామా, ఋణం తీర్చుకుంటున్నామా? మూడు భాషల మధ్య నీడ ఇచ్చింది గనుక దాన్ని 'వద్దు' అనే హక్కు మాకు లేదనుకున్నాం. ఆ హక్కు లేకుండా చెప్పిన 'బాగుంది'కి విలువ ఎంత? మేనల్లుడితో నేను ఇంత మాట అనలేదు. ఫోటోగ్రఫీ నిజంగా బాగుందా అని అడిగాను. బాగుందన్నాడు. అయితే మిగతాది బాగలేదని చెప్పడానికి నీకే ఎక్కువ అర్హత ఉంది, టికెట్టు మొదటిరోజు కొన్నది నువ్వు గదా అన్నాను. వాడికి నచ్చినట్టు లేదు.

సౌందర్య ఒక పని చేసింది, అది మన తెలుగువాళ్ళలో చాలామందికి పట్టలేదు. వెంకటేష్‌తో, చిరంజీవితో వరుసగా పెద్ద సినిమాలు చేస్తున్న రోజుల్లోనే తానే నిర్మాతగా కన్నడంలో 'ద్వీప' తీయించింది. గిరీష్ కాసరవళ్ళి దర్శకుడు. 2002లో విడుదలయింది. జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది. ఆనకట్ట కట్టడంతో మునిగిపోతున్న ఊరు. అందరూ పరిహారం తీసుకుని పోతారు. ఒక ఇల్లు మాత్రం పోదు. ఆ ఇంటి కోడలు నాగి వేషం ఆమెది. మొగుడూ పెళ్ళాల ప్రేమ కథే ఒక రకంగా. నీళ్ళు పెరుగుతుంటే వాళ్ళిద్దరి మధ్య ఏమవుతుందో చూసేవాడికి తెలియదు, వాళ్ళకూ తెలియదు. ఇంటిని కాపాడేది ఆ మనిషి రెండు చేతులు. ఆ పేరు మాత్రం దేవుడికి పోతుంది. 'రాజా'లో నేను వెదికిన ముఖం ఇందులో దొరికింది. తెలుగులో దొరకలేదు, అంతే.

2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరిన చిన్న విమానం బెంగళూరు దగ్గరే కూలిపోయి, అన్నతో పాటు ఆమె చనిపోయింది. ఆ వారమంతా టీవీల్లో ఆమె పాటలే.

ఆ తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం టీవీలో 'ద్వీప' వచ్చింది. మా నాయన మంచం మీద పడుకుని చూస్తున్నాడు. సగంలో ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు. అప్పటికి గనుల్లో పంపులు ఆగిపోయి ఏళ్ళయింది. ఆయన దిగిన లెవెళ్ళన్నీ నీళ్ళతో నిండిపోతున్నాయి. తెరమీద నీళ్ళు గడప దగ్గరికి వస్తుంటే లేచి కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చేటప్పటికి సినిమా అయిపోవచ్చింది. ఆమె గురించి, కథ గురించి ఏమీ మాట్లాడలేదు.

"మన షాఫ్టులో ఎంతదాకా వచ్చినాయంట రా నీళ్ళు?" అని అడిగాడు.